శెట్టిగారి తువ్వాలు, కంపెనీ వారి బోర్డు

ఈ మధ్య షేర్ల ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూడటానికి వచ్చినప్పుడు పెద్ద పెద్ద మాటలు చెబుతున్నారు. కంపెనీ గాలిని ఎంత పాడు చేసిందో, నీళ్ళు ఎన్ని తాగిందో, మొక్కలు ఎన్ని నాటిందో అన్నీ బయటపెట్టాలట. బయటపెడితే మార్కెట్ అదంతా చదివి, మంచి కంపెనీకి రేటు పెంచి, చెడ్డ కంపెనీకి మొట్టికాయ వేస్తుందట. వినడానికి బాగానే ఉంది. పెన్షన్ లేని ప్రైవేటు ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి, కాదనే ఓపిక నాకు లేదు. కాకపోతే అలాంటి రూలు మొదటిసారి మా జగ్గయ్యపేట మీదికి వచ్చినప్పుడు మార్కెట్ ఏం చేసిందో నేను దగ్గరుండి చూశాను. అది చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

నేను విజయవాడలో ఉండే ఒక బ్రోకరుగారికి జగ్గయ్యపేట బ్రాంచి మేనేజర్ని. మేనేజర్ అనగానే ఏదో ఊహించుకోకండి. పొద్దున తాళం తీసేది నేనే, ఊడ్చేది నేనే, ఫోనెత్తి తిట్లు తినేదీ నేనే. ఇల్లు నందిగామలో. రోజూ బస్సులో వచ్చి పోయేవాణ్ణి. తొంభైల్లో కాగితం షేర్లు సంచిలో వేసుకుని నందిగామ, కీసర, కంచికచర్ల మీదుగా విజయవాడ మోసేవాణ్ణి. వాటిలో సగం సంతకం కలవలేదని తిరిగొచ్చేవి. ఆ తర్వాత మా మేడ మీద ఒక డిష్, కింద గదిలో ఒక కంప్యూటరు వచ్చాయి. రేట్లు స్క్రీన్ మీద కదులుతుంటే ఊళ్ళో జనం టీవీలో క్రికెట్ చూసినట్టు నిలబడి చూసేవాళ్ళు.

మా వాళ్ళు కొనే షేరు ప్రధానంగా ఒకటే, ఊరి పక్కనున్న సిమెంటు ఫ్యాక్టరీది. పేరెందుకు లెండి. చిన్న కంపెనీ. బొంబాయిలో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు. మాకు మాత్రం అది సొంత చుట్టం. పైగా ఆ షేరు ఎప్పుడు కొనాలో ఎప్పుడు అమ్మాలో మా ఊళ్ళో ఒక లెక్క ఉండేది. ఆ లెక్క కనిపెట్టింది కందిపప్పు, మినప్పప్పు హోల్‌సేల్ వ్యాపారం చేసే శెట్టిగారు.

ఆయన రోజూ పడుకోబోయే ముందు డాబా మీద దండెం మీద ఉతికిన తెల్ల తువ్వాలు ఒకటి ఆరేసేవాడు. ఫ్యాక్టరీ గొట్టంలోంచి వచ్చిన దుమ్ము దాని మీద పడి, తెల్లారేసరికి మంచుకి తడిసి అట్టకట్టేది. శెట్టిగారు లేవగానే దాని మీద వేలు పెట్టి ఒక గీత గీసేవాడు. వేలికి దుమ్ము దండిగా అంటితే ఫ్యాక్టరీ జోరుగా నడుస్తోందని లెక్క, ఆ రోజు కొనేవాడు. అంటకపోతే ఏదో రిపేరు వచ్చిందని లెక్క, అమ్మేవాడు. ఆ లెక్క తప్పిన సందర్భాలు తక్కువ. అందుకే మా ఆఫీసు తెరిచేసరికి జనం నన్ను రేటు అడిగేవాళ్ళు కాదు. "శెట్టిగారు వేలు పెట్టారా?" అని అడిగేవాళ్ళు.

"స్క్రీన్‌ని నమ్మకు నాయనా, దాన్ని ఎవడో ఎక్కడో కూర్చుని తిప్పుతుంటాడు. గుడ్డ మనం ఉతికిన గుడ్డ," అనేవాడాయన.

దుమ్ము ఎక్కువైతే ఊళ్ళో దగ్గు కూడా ఎక్కువయ్యేది. దాన్ని గురించి ఎవరూ బాధపడినట్టు కనిపించేవాళ్ళు కాదు. ఒకడు తెగ దగ్గుతుంటే పక్కవాడు వీపు నిమురుతూ "ఇంకో రెండు రూపాయలు పెరుగుద్దిలే" అనేవాడు.

బాధపడే మనిషి ఒకావిడ ఉండేది. ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్‌లో మేస్త్రీగా చేసి రిటైరైన సాయిబుగారి భార్య. వాళ్ళ ఇల్లు ఫ్యాక్టరీ గోడ పక్క కాలనీలో. ఆమెకి ఉబ్బసం. వానాకాలంలో కాస్త తెరిపి, మిగతా ఏడాదంతా రాత్రుళ్ళు కూర్చునే గడిపేది. విజయవాడ డాక్టరు మందులు రాసి రాసి, చివరికి చోటు మారమని చెప్పాడు. మేస్త్రీ నందిగామలో, మా వీధి చివర ఒక చిన్న ఇల్లు చూశాడు. కొనాలంటే ఉన్న ఆస్తి ఒక్కటే. సర్వీసులో ఉండగా కూడబెట్టి కొన్న కంపెనీ షేర్లు. ఆడమనిషి పేరున అయితే కలిసొస్తుందని ఎవరో అంటే అన్నీ ఆమె పేరునే రాయించాడు. రేటు ఇంకాస్త పెరిగితే ఇల్లు వస్తుంది. పెరగాలంటే శెట్టిగారి తువ్వాలు బాగా మాయాలి.

ఒకసారి కాగితం షేర్లని కంప్యూటర్లోకి ఎక్కించే డీమ్యాట్ సంతకానికి వచ్చి, ఆమె నా ఎదురుగా కూర్చుని దగ్గు ఆపుకుంటూ అంది: "షేరు పెరగాలంటే దుమ్ము పెరగాలంట. దుమ్ము పెరిగితే నా దగ్గు పెరుగుద్ది. ఈయన నా దగ్గు అమ్మి నాకు ఇల్లు కొంటాడంట అన్నా."

మేస్త్రీ తల వంచుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇలా ఉండగా రూలు వస్తోందని కబురు వచ్చింది. సిమెంటు కంపెనీలు ఎంత దుమ్ము వదులుతున్నాయో గేటు దగ్గర బోర్డు పెట్టి రాయాలి, ఏడాది నివేదికలో చెప్పాలి, పైకి తెలియజేయాలి. రూలు ఇంకా కాగితం మీదికి కూడా రాలేదు. ఆలు లేదు చూలు లేదు, మార్కెట్ మాత్రం అప్పుడే ఏడుపు మొదలుపెట్టింది. విజయవాడ నుంచి మా బ్రోకరుగారు ఫోన్ చేసి, "అందరి చేతా అమ్మించెయ్యవయ్యా. దుమ్ము లెక్క చెప్పాలంటే ముందు దుమ్ము తగ్గించాలి. ఫిల్టర్లకే లాభమంతా పోద్ది," అన్నాడు.

నేను శెట్టిగారికి చెప్పాను. ఆయన వేలు చూపించాడు. వేలు బూడిదరంగులో ఉంది.

"లెక్క చెప్పమంటే దుమ్ము తగ్గించాలని ఎక్కడుందయ్యా? మేం ఇన్‌కం టాక్సు వాళ్ళకి లెక్క చెప్పట్లా? దానివల్ల వ్యాపారం తగ్గిందా?" అని ఇంకొన్ని కొన్నాడు. ఊరంతా ఆయన వెనకాలే కొంది.

కంపెనీ వాళ్ళు మాత్రం నిజంగానే పెద్ద ఫిల్టరు తెప్పించారు. అంత పెద్ద సంగతి ఊరికి తెలియదా అని మీరు అడగొచ్చు. లారీల్లో ఇనుము వచ్చింది, అందరూ చూశారు. కొత్త గోడౌను కడుతున్నారనుకున్నాం. దుమ్ము ఆపడానికి కంపెనీ సొంత డబ్బు ఖర్చు పెడుతుందన్న అనుమానం మాలో ఒక్కడికి కూడా రాలేదు.

ఒక సోమవారం పొద్దున శెట్టిగారు చెప్పుల్లేకుండా మా ఆఫీసుకి వచ్చాడు. చేతిలో తువ్వాలు, తెల్లగా మల్లెపువ్వులా ఉంది.

"అయిపోయిందయ్యా. ఫ్యాక్టరీ మూసేశారు," అన్నాడు.

పావుగంటలో ఆఫీసు నిండిపోయింది. లాకౌట్ అని ఒకరు, ఓనరు మిషన్లు అమ్మేసుకుని పోతున్నాడని ఇంకొకరు. ఫ్యాక్టరీ దాకా వెళ్ళి చూసొద్దామని ఎవరికీ తోచలేదు. తువ్వాలు చెప్పాక ఇంక చూసేదేముంది? అందరూ అమ్మమన్నారు. చిన్న కంపెనీ కావటంతో మా ఒక్క ఊరి అమ్మకాలకే రేటు జారిపోవటం మొదలైంది. అది చూసి ఇంకొందరు అమ్మారు. నేను కీబోర్డు కొడుతూనే ఉన్నాను.

అంత గోలలో మేస్త్రీ భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. "అన్నీ అమ్మెయ్యి బాబూ. ఇల్లు లేకపోతే పాయె, సగమన్నా మిగులుద్ది," అన్నాడు. షేర్లు ఆమెవి. ఆమె నోటితో చెప్పాలని నేను ఆమె వైపు చూశాను.

"నేను అమ్మను అన్నా," అంది ఆమె. "రాత్రి నాకు నిద్ర పట్టింది. ఎన్నేళ్ళయిందో పట్టి. పడుకుందామని కూడా అనుకోలా, మంచానికి ఆనుకుని కూర్చున్నదాన్ని అట్టాగే ఒరిగిపోయా. తెల్లారాక ఈయన వచ్చి, నాకేమైందో అని భయపడి లేపాడు. ఇంత మంచి రోజున ఎవరన్నా ఇంట్లోంచి వస్తువు అమ్ముకుంటారా? అచ్చిరాదు."

మేస్త్రీ బతిమాలాడు, శెట్టిగారు కోప్పడ్డాడు. ఆమె కదల్లేదు. వాళ్ళు వెళ్ళిపోయాక నాకు తట్టింది. ఆవిడ అంతసేపు మాట్లాడింది, ఒక్కసారి కూడా దగ్గలేదు. దుమ్ము తగ్గిందని చెప్పే మనిషి మా మధ్యనే నిలబడి చెప్పి వెళ్ళింది. మేమంతా స్క్రీన్ చూస్తున్నాం.

ఆ మధ్యాహ్నమే కంపెనీ ప్రకటన వచ్చింది. కొత్త ఫిల్టరు పనిచేస్తోందట, రూలుకన్నా ముందే దుమ్ము అదుపులోకి వచ్చిందట, ఇకనుంచి గేటు దగ్గర బోర్డు పెడతారట. మర్నాడు బొంబాయివాళ్ళు ఆ షేరు మీద పడ్డారు. రేటు పోయిందంతా తిరిగొచ్చి పైకి కూడా ఎక్కింది. మా ఊళ్ళో ఆ రెండు రోజులు పెళ్ళి ఆగిపోయిన ఇల్లులా ఉంది.

దెబ్బ తిన్నవాడికి భక్తి ఎక్కువ. మావాళ్ళు తువ్వాలుని వదిలేసి బోర్డుని పట్టుకున్నారు. శెట్టిగారు రోజూ పొద్దున స్కూటరు మీద ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్ళి, బోర్డు మీద అంకెలు చదివి వచ్చి అందరికీ చెప్పేవాడు. "కాలం మారిందయ్యా. ఇప్పుడంతా పారదర్శకం. నేను తువ్వాలు ఆరేయటమే మానేశా," అన్నాడు. అమ్మినవాళ్ళందరూ అమ్మినదానికన్నా ఎక్కువ పెట్టి మళ్ళీ కొన్నారు. బోర్డు మీద అంకె రోజూ బాగానే ఉండేది. ఎంత బాగా అంటే, మా మేడ మీద నీళ్ళ ట్యాంకు మూత కూడా అంత శుభ్రంగా ఉండేది కాదు.

కొన్ని నెలలకి మేస్త్రీ భార్యకి దగ్గు తిరగబెట్టింది.

ఫిల్టరు నడవాలంటే కరెంటు కావాలి, కరెంటుకి డబ్బులు కావాలి. బోర్డు మీద అంకెలు రాసేది పగలు, చూడటానికి అధికారులు వచ్చేదీ పగలే. అందుకని చీకటిపడ్డాక ఫిల్టరు ఆపేసేవాళ్ళు. కాలనీలో అందరికీ తెలుసు. చెప్పేవాళ్ళు లేరు. కాలనీలో కూడా ఇంటింటికీ షేర్లున్నాయి మరి. మార్కెట్ సంగతి అయితే చెప్పక్కర్లేదు. కంపెనీ శుభ్రంగా ఉందని ఒకసారి రేటు పెంచింది. శుభ్రం మానేసి కరెంటు మిగిల్చాక లాభం పెరిగిందని ఇంకోసారి పెంచింది.

"ఇప్పుడు అమ్మేసి ఇల్లు కొనేసుకోండి మేస్త్రీ," అని నేను చెప్పాను. ఆయన వినేలోపే శెట్టిగారు అడ్డొచ్చాడు. కంపెనీ రెండో ఫ్యాక్టరీ పెట్టబోతోంది, దానికి ముందు ప్రజల అభిప్రాయం తీసుకునే సభ జరగాలి, అది సాఫీగా జరిగితే రేటు ఎక్కడికో పోతుంది, అప్పుడు అమ్మితే ఇంటితో పాటు పైన ఇంకో గది కూడా వేసుకోవచ్చు అన్నాడు. మేస్త్రీకి ఆ గది కళ్ళముందు కనిపించింది. భార్యని ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టమన్నాడు.

సభ ఫ్యాక్టరీ దగ్గర స్కూలు గ్రౌండులో, షామియానా కింద. కలెక్టరాఫీసు నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. కంపెనీవాళ్ళు అందరికీ ఉప్మా పొట్లాలు పంచారు. శెట్టిగారు తన వంతుగా పిప్పరమెంటు బిళ్ళలు పంచాడు. "అది చప్పరిస్తా కూర్చోండి. సభ అయ్యేదాకా ఎవరూ దగ్గొద్దు," అని ఒక్కొక్కరి చెవిలో చెప్పాడు. షామియానా అంతా పిప్పరమెంటు వాసన. వాటాదారులు దగ్గు బిగబట్టుకుని, కళ్ళు ఎర్రగా చేసుకుని కూర్చున్నారు. ఒకరి తర్వాత ఒకరు లేచి ఫ్యాక్టరీ మాకు తల్లి అన్నారు, తండ్రి అన్నారు. ఒకాయన దుమ్ము వల్ల పైరుకి పురుగు పట్టట్లేదని కూడా అన్నాడు.

చివర్లో మేస్త్రీ భార్య లేచి మైకు దగ్గరికి నడిచింది. మేస్త్రీ ఆమె కొంగు పట్టుకోబోయి, నలుగురూ చూస్తున్నారని వదిలేశాడు. కంపెనీ తరఫు ఆఫీసరు ఎదురెళ్ళి మెత్తగా, "అమ్మా, మీరు మా కుటుంబమే కదా. ఇంటి విషయాలు మనం లోపల మాట్లాడుకుందాం," అన్నాడు.

"కుటుంబం కాదు సార్, యజమానిని. మీరు ఏడాదికోసారి పంపే పుస్తకంలో అట్టాగే ఉందంట. ఈ అన్నే చదివి చెప్పాడు," అని నన్ను చూపించింది. నేను షామియానా గుంజ వంక చూశాను.

ఆమె మైకు పట్టుకుంది. "నాకు రూల్స్ తెలవ్వు సార్. ఆ బోర్డు పగలు రాస్తారు. పగలు నేను బాగానే ఉంటా. రాత్రి ఆ ఫిల్టరు ఆపేస్తారు, నేను తెల్లార్లూ కూర్చుంటా. నా రాత్రి లెక్క ఏ బోర్డు మీద రాస్తారో చెప్పమనండి."

తర్వాత దగ్గు వచ్చి మాట సాగలేదు. అధికారి ఆమెకి నీళ్ళు ఇప్పించి జనం వైపు తిరిగాడు. "రాత్రిపూట దుమ్ము పడుతుందని ఇంకెవరైనా చెప్పగలరా?" అని అడిగాడు. ఎవరూ లేవలేదు. రెండో ఫ్యాక్టరీ, మేస్త్రీ ఇల్లు, అందరి రేటూ ఆ ప్రశ్న మీద వేలాడుతున్నాయి.

ఎవరూ లేవకుండా ఉంటే సరిపోయేది. శెట్టిగారికి ఆత్రం. లేచి, "అదేం లేదండి. మా డాబా మీద వేలికి అంటేంత దుమ్ము కూడా పడదు. అద్దం అనుకోండి," అన్నాడు. ఎండ, ఉక్క, పైగా భయం. చెమట కారుతుంటే భుజం మీద తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత వినటమే గాని, కళ్ళారా చూడటం నాకు అదే మొదలు. శెట్టిగారి నుదుటి మీద, బుగ్గల మీద ఇంతింత పట్టెలు, అచ్చం విభూతి పూసుకున్నట్టు. మానేశానని ఊరందరికీ చెప్పి, ఆయన రోజూ ఆరేస్తూనే ఉన్నాడు. రాత్రిళ్ళు ఫిల్టరు ఆగుతోందని ఊళ్ళో అందరికన్నా ముందు కనిపెట్టి, లాభం పెరుగుతుందని గుట్టుగా కొంటున్నాడు. ఆ పొద్దున వేలు పెట్టి చూసుకుని, సభకి టైమైపోతోందని దాన్నే మడిచి భుజాన వేసుకొచ్చాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు వచ్చేసరికి నోట్లో పిప్పరమెంటు జారింది, వెంటనే దగ్గు వచ్చింది. పక్కవాడికి అంటుకుంది. నిమిషంలో షామియానా అంతా దగ్గుతోంది. కంపెనీ ఆఫీసరు కూడా దగ్గాడు.

అధికారి తువ్వాలు తెమ్మని చేతిలోకి తీసుకున్నాడు. "ఇది ఎప్పుడు ఆరేశారు?"

"రాత్రండి," అన్నాడు శెట్టిగారు.

"ఉతికిందేనా?"

"మా ఇంట్లోవాళ్ళు రోజూ ఉతుకుతారండి," అన్నాడాయన. ఇంటి పరువు దగ్గరికి వచ్చేసరికి నిజం దానంతటదే వచ్చేసింది. అధికారి తువ్వాలుని మడతపెట్టి, సభ కాగితాలకి జత చేయమన్నాడు.

నేను ఎవరిదో స్కూటరు అడిగి తీసుకుని ఆఫీసుకి పరుగెత్తాను. మేస్త్రీ ఇల్లు పోయిందనే అనుకున్నాను. స్క్రీన్ చూస్తే రేటు పైకే ఉంది. బొంబాయికి చేరిన వార్త ఒక్కటే, సభ ముగిసిందని. అంతమంది దగ్గు నందిగామ కూడా దాటలేదు. అందుకు సంతోషించాలి నేను, నా కస్టమర్లు బతికిపోయారు. కానీ నాకు ఒళ్ళు మండింది. ఆవిడ ఊరందరినీ ఎదిరించి ఇంటిని పణంగా పెట్టి మాట్లాడితే, ఆ మాటకి ఒక్క పైసా కూడా కదలకపోవటం అవమానంగా అనిపించింది.

ఆ తర్వాత అధికారులు రాత్రిపూట చెప్పకుండా రావటం మొదలుపెట్టారు. ఫిల్టరు రాత్రుళ్ళు కూడా తిరిగింది. స్థానిక ప్రజల అభిప్రాయాన్ని గౌరవించి కంపెనీ ఈ నిర్ణయం తీసుకుందని ఒక ప్రకటన వచ్చింది, దానికి రేటు ఇంకొంచెం పెరిగింది. ఇది నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతి. మీరు చదువుకున్నవాళ్ళు, మీకేమన్నా అర్థమైతే చెప్పండి.

మేస్త్రీ దంపతులు ఒకరోజు మళ్ళీ వచ్చారు. "అన్నా, ఇల్లు మారబోతున్నామన్న సంబరంలో రాత్రి నిద్ర పట్టలా. ఇవాళ అమ్మొచ్చు," అంది ఆమె.

"ఫిల్టరు తిరుగుతోందిగా అమ్మా, ఇంకా మారటం ఎందుకు?" అన్నాను.

"దాని స్విచ్చి నా చేతిలో లేదుగా."

నందిగామ వచ్చేసేముందు శెట్టిగారు ఆమెకి ఒక కొత్త తువ్వాలు పంపించాడు. పాపం ఆయన మనసులో పగ ఏమీ పెట్టుకోలేదు, ఆయన షేర్లు కూడా పెరిగాయి కదా. "నందిగామలో దండెం ఎట్టా ఉందో చెప్పమను," అని కబురు కూడా చేశాడు. మా వీధికి వచ్చాక ఆమె రాత్రుళ్ళు పడుకుంది. పొద్దున పాలకి వెళ్ళేటప్పుడు ఆ తువ్వాలు తెల్లగా దండెం మీద కనిపిస్తే నా మనసుకి హాయిగా ఉండేది.

కొన్నేళ్ళు అలా గడిచాయి. తర్వాత హైవే వెడల్పు చేయటం మొదలైంది. ఊరి పక్కనే కంకర మిషన్లు పెట్టారు, టిప్పర్లు రాత్రీపగలూ తిరిగాయి. ఒకరోజు పొద్దున వాళ్ళింటి ముందు నుంచి వెళుతుంటే ఆమె దండెం దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి తువ్వాలు మీద వేలితో ఒక గీత గీసి, వేలు చూపించింది. ఎర్రటి దుమ్ము. చిన్నగా దగ్గింది కూడా.

"అన్నా, ఈ రోడ్డేసే కంపెనీ షేరు మార్కెట్లో ఉందా?" అంది.

"ఉందమ్మా. ఎందుకు, పెరుగుద్దనా?"

"పెరిగేది తరిగేది నువ్వు చూస్కో. నా పేరున ఒక్కటి కొను," అని తువ్వాలు దులిపి భుజాన వేసుకుంది. "కొన్నాక, యజమానుల మీటింగు ఎప్పుడో కనుక్కో."